హిమదేశపు ఆకాశమార్గములు: కెనడా విమానచరిత్రమున మఱుగుపడిన కొన్ని కథలు



విమానముల చరిత్రమన్నంతనే మనవారికి రైటు సోదరుల పేరు స్ఫురించును. ఆ తరువాత యుద్ధములలో బాంబులు గురిసిన విమానములు స్ఫురించును. ఈ రెంటికిని నడుమ, పేరు ప్రతిష్ఠలు లేక మఱుగున బడిన కథలు పెక్కులు కలవు. నేడు అట్టివానిని కొన్నింటిని ఉత్తర అమెరికాఖండమందలి కెనడా దేశమునుండి యేరి మీకు వినిపింప దలచితిని. విమానము కలవారి విలాసమా, లేక దారిలేని పల్లెకు అక్కఱకు వచ్చు సాధనమా యను ప్రశ్న మనలో పలువురకు కలిగియుండును. ఆ ప్రశ్నకు సమాధానము ఈ కథలలో కొంతవఱకు దొరకును.

మొదట ఆ దేశస్వరూపమును కొంచెము తెలిసికొనవలెను. వైశాల్యమున కెనడా ప్రపంచదేశములలో రెండవది. మన భారతదేశమునకు ఇంచుమించు మూడింతలు. అయినను 1931 జనాభాలెక్కలనాటికి అందలి ప్రజలు కోటిపైచిలుకు మాత్రమే. నేటికిని వారి సంఖ్య నాలుగుకోట్ల ప్రాంతముననే యున్నది. వారిలో అధికభాగము దక్షిణపు సరిహద్దు వెంబడి, పట్టణములలోను రైలుమార్గముల చెంతను నివసింతురు. ఉత్తరమునకు పోయినకొలది అడవులు, లెక్కకు మిక్కిలియగు సరస్సులు, చెట్టు మొలవని మంచుబీళ్లు. అచ్చట నదులు నెలలతరబడి గడ్డకట్టి యుండును. వేసవిలో పడవయే బండి. శీతకాలమున కుక్కలో గుఱ్ఱములో లాగు మంచుబండియే బండి. మంచు కరగుచున్న దినములలోను, నీరు గడ్డకట్టుచున్న దినములలోను పడవయు సాగదు, బండియు నడవదు. అట్టి చోట మనుష్యుడు జబ్బుపడినచో దైవమే దిక్కు. ఇట్టి దేశమునకు ఆకాశమే రాజమార్గము కావలసి యుండెను. కాని ఆ రాజమార్గమును వేయుటకు చాలమంది కష్టపడవలసి వచ్చెను.

ఆ దారికి తొలిఱాయి వేసినవారిలో ఒక స్త్రీ కలదు. ఆమె పేరు మేబెల్ బెల్. టెలిఫోను యంత్రమును కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహం బెల్ గారి భార్య. ఐదేండ్ల ప్రాయమున జ్వరము తగిలి ఆమె వినికిడిని పూర్తిగా కోల్పోయెను. లోకమునకంతకును దూరపుమాట వినిపించిన మహాశయుని ఇల్లాలికి ఆ యంత్రముయొక్క పలుకు వినబడదు. కాని ఆమె మనస్సు మాత్రము మిక్కిలి దూరము చూచెను. 1907 సంవత్సరమున తన భర్తయు, నలుగురు యువకులును కలిసి పనిచేయుటకు ఒక వైమానిక ప్రయోగసంఘమును స్థాపింపుడని ఆమెయే ప్రోత్సహించెను. ప్రోత్సహించి యూరకుండక, తన సొంత సొమ్మునుండి 20,000 డాలర్లు మూలధనముగా ఇచ్చెను.

ఆ యువకులలో జాన్ మెక్కర్డీ యనువాడు కెనడా తూర్పుతీరమున నోవాస్కోషియా రాష్ట్రమందలి బడెక్ అను చిన్న ఊరివాడు. సంఘమువారు నిర్మించిన నాలుగవ విమానమునకు వెండివన్నె పట్టుగుడ్డ తొడిగిరి గనుక దానికి సిల్వర్ డార్ట్, అనగా వెండిబాణము, అని పేరు వచ్చెను. 1909 ఫిబ్రవరి 23వ తేదీన, బడెక్ చెంత గడ్డకట్టిన సరస్సుమీద దానిని నిలిపిరి. ఊరివారు మంచుమీద జాఱుపాదరక్షలు తొడిగికొని చుట్టును గుమిగూడిరి. మెక్కర్డీ దానినెక్కి సుమారు అరమైలు దూరము, ముప్పది అడుగుల ఎత్తున ఎగిరి, క్షేమముగ దిగెను. కెనడాలో యంత్రబలముతో నడుపబడిన మొదటి విమానప్రయాణమిదియే.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. అదే సంవత్సరము ఆగస్టు నెలలో ఆ విమానమును పెటవావా యను సైనికశిబిరమునకు తీసికొనిపోయి సేనాధికారుల యెదుట ఎగురవేసి చూపిరి. నాలుగుసార్లు చక్కగనే ఎగిరినది. ఐదవసారి దిగునపుడు నేల ఎగుడుదిగుడుగా నుండుటచే చక్రము తగిలి విమానము విఱిగిపోయెను. నాలుగుసార్లు ఎగిరిన సంగతి సేనాధికారుల మనస్సున నిలువలేదు. ఒకసారి విఱిగిన సంగతియే నిలిచెను. ప్రభుత్వము దానిపై ధనము వెచ్చింప నిరాకరించెను. 1914లో మహాయుద్ధము వచ్చునప్పటికి కెనడాకు సొంత విమానదళమనునది లేకపోయెను. ఆ దేశపు యువకులు వేలకొలది బ్రిటిషు దళములలో చేరి ఎగురవలసి వచ్చెను. క్రొత్తదానిని పరీక్షించునపుడు అది ఎన్నిసార్లు చెడినదని మాత్రమే లెక్కించువాడు, ఎన్నిసార్లు పనిచేసినదని లెక్కింపనివాడు, చివరకు పొరుగువాని వాకిట నిలువవలసినవాడే యగును.

యుద్ధము ముగిసిన పిమ్మట ఎగురుట నేర్చినవారు పెక్కుమంది ఇండ్లకు తిరిగివచ్చిరి. వారికి పనిలేదు, విమానములు మాత్రము చౌకగా దొరకుచుండెను. ఉత్తరపు అడవులమీదుగా టపాలను, గనులు వెదకువారిని, ఉన్నిబొంతలను, పప్పుదినుసులను మోయుట వారికి వృత్తియైనది. అట్టివారిలో ఒకడు విల్‌ఫ్రిడ్ మే. చిన్ననాడు చుట్టముల పసిబిడ్డ అతని పేరు పలుకలేక ‘వాపీ’ యని పిలువగా, అదియే స్థిరపడి లోకమునకంతకు ‘వాప్ మే’ అయ్యెను. 1918 ఏప్రిల్ 21వ తేదీన జర్మను మహాయోధుడు రిఖ్టోఫెను తన ఎఱ్ఱవిమానముతో వెన్నంటి తఱిమినది ఈ వాప్ మేనే. ఆ తఱుముటలోనే రిఖ్టోఫెను మరణించెను, మే బ్రతికెను. కాని మేము చెప్పబోవు కథ యుద్ధమునకు సంబంధించినది గాదు.

1928 డిసెంబరు నెలలో ఆల్బర్టా రాష్ట్రపు ఉత్తరభాగమున ఫోర్ట్ వెర్మిలియన్ అను పల్లెకు సమీపమున కంఠసర్పి వ్యాధి పుట్టెను. దీనినే వైద్యులు డిఫ్తీరియా యందురు. పిల్లల గొంతులో పొర కట్టి ఊపిరి సలుపనీయక చంపు వ్యాధి యిది. పూర్వము మన పల్లెలలోను ఎన్నో ఇండ్ల దీపములనార్పినది. అచ్చట వైద్యుడున్నాడు గాని తగిన మందు లేదు. తంతికచేరి యున్న ఊరు పీస్ రివర్. ఆ ఊరికి వైద్యుడు వ్రాసిన జాబును ఇద్దఱు మనుష్యులు మంచుబండిలో తీసికొని బయలుదేఱిరి. ఆ జాబు చేరుటకే ఇంచుమించు రెండువారములు పట్టినది. మందును అదే మార్గమున పంపినచో మఱి రెండువారములు పట్టును. అప్పటికి ఊరిలో ఎందఱు పిల్లలు మిగులుదురో యెవరు చెప్పగలరు?

రాష్ట్రపు రాజధానియగు ఎడ్మంటను నగరమున ఆరోగ్యాధికారి వాప్ మేను పిలిపించి అడిగెను. మేకును, అతని స్నేహితుడు విక్ హార్నరుకును అప్పుడున్నది ఏవ్రో ఏవియన్ అను చిన్న విమానము మాత్రమే. దానికి పైకప్పు లేదు. కూర్చున్నవారికి గాలి మొగముమీదనే కొట్టును. మంచుమీద దిగుటకు కావలసిన జాఱుబద్దలును దానికి లేవు, చక్రములే. ఫోర్ట్ వెర్మిలియన్ నకు సూటిగా గీతగీచి కొలిచినను దూరము 300 మైళ్లకు పైబడును. దారిపొడవునను రేడియో సూచనలు లేవు, వాతావరణపు వార్తలు లేవు. నదియొక్క వంపులను చూచుకొని పోవలసినదే. అయినను వారు సందేహింపలేదు. 1929 జనవరి 2వ తేదీన మందుసీసాలను కంబళ్లలో చుట్టి, అవి గడ్డకట్టకుండుటకు బొగ్గుల కుంపటి యొకటి ప్రక్కనుంచుకొని బయలుదేఱిరి. మందు గడ్డకట్టినచో దాని గుణము చెడును. అందుచే తమ ఒంటికన్న మందునే ఎక్కువగా కాపాడవలసి వచ్చెను. రాత్రి దారిలో ఒక ఊర దిగి, మఱునాడు మరల ఎగిరి, జనవరి 3వ తేదీ సాయంకాలమునకు ఫోర్ట్ వెర్మిలియన్ చేరిరి. వైద్యుడు మందును వెంటనే పుచ్చుకొని రోగులకు వేసెను. వ్యాధి వ్యాపింపకుండ ఆగెను. ఇద్దఱు వైమానికులును చలికి మొగములు కమిలి, చేతులు కొంకర్లుపోయి, జనవరి 6వ తేదీన ఎడ్మంటనునకు తిరిగి రాగా వేలకొలది జనము ఎదురేగి స్వాగతమిచ్చిరి.

ఈ కథకు వెనుక మఱియొక కథ కలదు. దానిని చెప్పకుండుట న్యాయము గాదు. అంతకు కొలదినెలల ముందు, 1928 వేసవిలో, మెకెంజీ నదిపై సరకులు తెచ్చిన ఒక వర్తకపు పొగపడవ విషజ్వరమును గూడ ఊరూరికి తెచ్చెను. ఆ నదీతీరమున అనాదిగా నివసించుచున్న దెనే జాతులవారు ఆ జ్వరమునకు పెక్కుమంది బలియైపోయిరి. వారికొఱకు ఏ విమానమును సకాలమున రాలేదు. కనుక ఆకాశమార్గము తెఱువబడుటయొక్కటే చాలదు. ఎవరి పిలుపునకు అది పలుకునో చూడవలెను.

ఇంతవఱకు చెప్పినవి ఱెక్కల విమానముల కథలు. వీనికి ఒక లోటు కలదు. దిగుటకు చదునైన నేలయో, నీరో, మంచుబయలో కావలెను. కొండచరియపైన, చిట్టడవి నడుమ ఇవి దిగలేవు. నిలిచినచోటనే పైకి లేచి, కోరినచోటనే క్రిందికి దిగు యంత్రము కావలెనని చాలమంది కలలుగనిరి. అదియే హెలికాప్టరు. దీనికి ప్రక్కలకు చాచిన ఱెక్కలు లేవు. నెత్తిమీద గిరగిర తిరుగు పొడవైన అలుగులుండును. అవి గాలిని క్రిందికి త్రోయుటచే యంత్రము పైకి లేచును. కాని ఇందొక చిక్కు గలదు. పడవలో నిలిచి గెడతో గట్టును నెట్టినచో పడవ వెనుకకు పోవును గదా! అట్లే ఇంజను అలుగులను ఒకవైపు త్రిప్పగా, యంత్రముయొక్క శరీరము దానికి వ్యతిరేకముగా తిరుగజూచును. దీనిని మాన్పుటకు తోకవద్ద చిన్న అలుగులమరను అమర్చుట యొక యుపాయము. ఒకే ఇరుసుమీద రెండు జతల అలుగులనుంచి ఒకదానిని కుడికి, రెండవదానిని ఎడమకు త్రిప్పుట మఱియొక యుపాయము.

ఈ రెండవ యుపాయమును కెనడాలో ఆచరణమున పెట్టినవారు ఎవరనుకొంటిరి? ఏ విశ్వవిద్యాలయమువారును గారు. మానిటోబా రాష్ట్రమున హోమ్‌వుడ్ అను పల్లెకు చెందిన సేద్యగాండ్రు: నికొలస్, థియొడోరు, డగ్లస్ ఫ్రోబీ అను ముగ్గురు అన్నదమ్ములు. 1930 తరువాతి దశకము కెనడా రైతులకు చెడ్డకాలము. గోధుమధర పడిపోయెను, వానలు లేక ఎండిన నేలలనుండి మన్ను గాలికి లేచిపోయెను. అట్టి దినములలో ఈ సోదరులు తమ పొలపు కొట్టములో, తమకు తెలిసిన కమ్మరిపనితోను మరమ్మతుపనితోను, హెలికాప్టరును చేయబూనిరి. ఇంజనును మాత్రము పాతవిమానపుదానిని సంపాదించిరి. మిగిలిన భాగములలో చాలభాగము తామే తీర్చుకొనిరి. ఆ దశకము చివర ఆ యంత్రము నేలవిడిచి కొలది ఎత్తునకు లేచెను. కాని లేచినప్పుడెల్ల మిక్కిలి అదురుచుండెను. ఆ అదురును మాన్పుటకు కావలసిన ధనమును, పరికరములును వారికి లేవు. 1939 ప్రాంతమున ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి.

అదే కాలమున జర్మనీలో ఒక హెలికాప్టరు 1936లో ఎగిరెను. అమెరికాలో సికోర్‌స్కీ గారి యంత్రము 1939 సెప్టెంబరులో లేచెను. వారికి కర్మాగారములు, నిపుణులు, ధనము కలవు. ఫ్రోబీ సోదరులకు పొలపు కొట్టము కలదు. లోకము మొదటివారిని స్మరించెను, రెండవవారిని మఱచెను. అయినను వారి యంత్రము చెత్తలో కలిసిపోలేదు. నేడది విన్నిపెగ్ నగరమందలి పశ్చిమకెనడా విమానప్రదర్శనశాలలో భద్రముగ నున్నది. దానిని చూచినవారు ఓడిపోయిన యంత్రమని నవ్వరు; ముగ్గురు రైతుబిడ్డలు తమంతట తాము ఎంతదూరము రాగలిగిరో చూచి ఆశ్చర్యపడుదురు. మఱికొన్నేండ్లకు, 1947లో, మాంట్రియాలు నగరమున బెర్నార్డ్ స్నైట్సర్ అను ఇంజనీరును, సెల్మా గాట్‌లీబ్ అను మహిళా ఇంజనీరును కలిసి రూపొందించిన హెలికాప్టరు చక్కగ ఎగిరెను. 1951లో ప్రభుత్వపు యోగ్యతాపత్రమునుగూడ అది పొందెను. అయినను కొనువారు లేక అదియు కర్మాగారమునుండి వరుసగా వెలువడలేదు. నేర్పు ఉండుట వేఱు, దానిని నిలుపు ఆదరణ ఉండుట వేఱు.

ఇప్పుడు మన సముద్రతీరమునకు సంబంధించిన ఒక కథ చెప్పెదను. 1942 ఏప్రిలు నెల మొదట లియొనార్డ్ బిర్చాల్ అను కెనడా వైమానికుడు తన దళముతో సింహళమునకు వచ్చెను. వచ్చిన రెండుదినములకే, ఏప్రిల్ 4వ తేదీన, కటలీనా యను నీటివిమానములో ద్వీపమునకు దక్షిణమున సముద్రముపై కాపలా తిరిగెను. పొద్దు గ్రుంకుచుండగా, ఇక వెనుదిరుగుదుమనుకొనుచుండగా, దిగంతమున నల్లని చుక్కలు కొన్ని కానవచ్చెను. చుక్కలని విడిచిపోక దగ్గఱకు పోయి చూచెను. అవి జపాను మహానౌకాదళము. నీటివిమానము మెల్లగా పోవునది; దాగుటకు మేఘము లేదు. తప్పించుకొనలేమని తెలిసియు, తంతిలేని వార్తాయంత్రముతో ఆ సంగతిని కొలంబోకు పంపుడని తనవారికి ఆజ్ఞాపించెను. నియమము ప్రకారము వార్తను మూడుసార్లు పంపవలెను. మూడవసారి పూర్తికాకమున్నే జపాను విమానములు వచ్చి పడి దానిని కూల్చెను. విమానములోని తొమ్మండుగురిలో ముగ్గురు మరణించిరి, ఆర్గురు చెఱపడిరి.

ఆ వార్త వలన కొలంబో ఓడరేవులోని ఓడలు పెక్కు ముందే తరలిపోయినవి. మఱునాడు దాడి జరిగెను గాని శత్రువు తలచినంత నాశము జరుగలేదు. ఏప్రిల్ 6వ తేదీన మన విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు పడిన సంగతి మీలో చాలమంది పెద్దలనోట వినియుందురు. బిర్చాల్ చూచిన నౌకాదళమును, మన తీరమునకు వచ్చిన దళమును ఒక్కటి గావు; బంగాళాఖాతమున తిరిగినది వేఱొక భాగము. కాని రెండును ఒకే దండయాత్రలోనివి. కనుక ఆ వారమున మన తీరప్రజలు పడిన భయములో, చెఱలోబడిన ఆ కెనడావాడును భాగస్వామియే. బిర్చాల్ మూడేండ్లకు పైగా జపాను చెఱసాలలలో నుండి, జబ్బుపడిన తోటిఖైదీలచేత పని చేయించుటను ఎదిరించి, దెబ్బలు తిని, 1945లో విడుదలయ్యెను. అతనిని సింహళరక్షకుడని పేర్కొందురు. కాని విడుదలయగువఱకు తాను పంపిన వార్త ఎంత మేలు చేసెనో అతడు చూడజాలకపోయెను.

యుద్ధపు చివరిదినములలో హెలికాప్టరు తన నిజమైన పనిని చూపెను. 1945 వసంతమున లాబ్రడారు మంచుకాననలో కెనడా విమానమొకటి కూలెను. వారిని తెచ్చుటకు పోయిన జాఱుబద్దల విమానములును మెత్తబడిన మంచులో చిక్కుకొనెను. అప్పుడు అమెరికాతీరరక్షకదళమువారు న్యూయార్కునుండి ఒక చిన్న హెలికాప్టరును భాగములుగా విప్పి, పెద్దవిమానములో వేసి తెచ్చి, అచ్చట మరల బిగించి, చిక్కినవారిని ఒక్కొక్కరినిగా మోసికొనివచ్చిరి. ఒకసారికి ఒక్క మనుష్యునే మోయగలదు. అయినను ఱెక్కల విమానము చేయలేని పనిని అది చేసెను.

ఈ సామర్థ్యమును కొండలకు ఎక్కించినవాడు కార్ల్ ఏగర్. ఇతడు 1901లో పుట్టెను, మొదట సేద్యగాడు, యుద్ధకాలమున విమానశిక్షకుడు. యుద్ధానంతరము బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున ఓకనాగన్ లోయలో ఇద్దఱు స్నేహితులతో కలిసి, 1947లో వాటాలు సేకరించి ఒక బెల్ హెలికాప్టరు కొనెను. ఆ లోయ ఆపిలుతోటలకు ప్రసిద్ధి. తోటలపై పురుగుమందు చల్లి జీవింతమని వారి ఆలోచన. ఆ ఆలోచన ఫలింపలేదు. ఖర్చు వచ్చినంత కూలి రాలేదు. పెట్టుబడి మునుగునట్లుండెను. అప్పుడే ప్రభుత్వపు భూమికొలత శాఖవారు ఎత్తైన కొండలను కొలుచుటకు మార్గము వెదకుచుండిరి. కాలినడకను ఒక్క శిఖరమునెక్కి దిగుటకు దినములు పట్టుచుండెను. 1948లో ఏగర్ వారిని హెలికాప్టరులో ఎక్కించుకొని కొండలమీద దింపుటకు పూనుకొనెను.

ఆ కాలమున ఆ యంత్రములు పల్లపునేలలకే తగునని చేసినవారే తలచుచుండిరి. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడును. పలుచని గాలిలో అలుగులకు పట్టు తక్కువ. ఇంజను బలమును క్షీణించును. ఇది చాలనట్లు కొండగాలుల మాయ మఱియొకటి. ఏటిలో బండమీదుగా పాఱు నీటిని చూడుడు. ఎదుటి వైపున పైకి లేచును, వెనుకవైపున సుడితిరిగి క్రిందికి పడును. గాలియు అట్లే. గాలికి ఎదురైన చరియపై అది యంత్రమును ఎత్తును; శిఖరమునకు ఆవలివైపున నేలకు అదిమివేయును. ఈ రెంటికిని నడుమనున్న హద్దు ఎచ్చటనో కంటికి కానరాదు. ఏగర్ దానిని శరీరముతో నేర్చుకొనెను. దిగుటకు ముందు మెల్లగా చుట్టివచ్చి గాలిని తెలిసికొనుట, శిఖరపు నడుమ గాక అంచున దిగుట, మరల ఎగురునపుడు అంచునుండి పల్లమునకు జాఱి వేగము పుంజుకొనుట — ఇట్టి నియమములను ఒక్కొక్కటిగ ఏర్పఱచెను. ఈ విద్యను దాచుకొనక ఇతరులకు నేర్పెను. అతని సంస్థ పెంటిక్టన్ అను ఊర నడపిన కొండగాలి పాఠశాలకు అన్యదేశముల సైనికులుసైతము వచ్చి నేర్చుకొనిరి.

1950 సంవత్సరమునకు కెనడా విమానసేవకు ఇచ్చు మెకీ బహుమానమును ఏగర్ పొందెను. 1951 మొదలు కెమానో, కిటిమాట్ ప్రదేశములలో అల్యూమినియము కర్మాగారమునకై కొండలు తొలిచి జలవిద్యుత్తు తీయు మహానిర్మాణము సాగినపుడు, మనుష్యులను, సామగ్రిని దారిలేని కనుమలకు చేర్చినవి ఆ సంస్థ హెలికాప్టర్లే. తోటకు మందుచల్లుటలో నష్టపోయిన చిన్న వర్తకము కాలక్రమమున ప్రపంచమందలి పెద్ద హెలికాప్టరు సంస్థలలో నొకటిగా ఎదిగెను. ఏగర్ శ్వాసకోశముల జబ్బుచే ఎగురుట మానుకొనవలసి వచ్చి, 1968లో గతించెను.

పెద్దలారా, ఈ కథలను కలిపి చూచినచో ఒక సంగతి తేటపడుచున్నది. వినికిడిలేని ఇల్లాలు, మంచులో మందు మోసిన ఇద్దఱు స్నేహితులు, కొట్టములో యంత్రము చేసిన రైతుబిడ్డలు, చుక్కలను ఉపేక్షింపని కాపలావాడు, నష్టమునుండి విద్యను తీసిన సేద్యగాడు — ఆకాశమార్గము వేసినది వీరు. వీరిలో కొందఱికి ఫలము దక్కెను, కొందఱికి దక్కలేదు. పంట వచ్చినను రాకున్నను దున్నినవాని శ్రమ నేలలో నిలిచియే యుండును. తరువాత విత్తువానికి అది ఉపకరించును.

అయినను యంత్రమునకు తనదైన ధర్మము లేదు. మందును మోసిన ఆ చిన్న విమానముల వంటివే, ఉత్తరపు పల్లెలనుండి ఆదిమజాతుల పిల్లలను తల్లిదండ్రుల యొడినుండి తీసి, దూరపు వసతిపాఠశాలలకు మోసినవి. ఆ పాఠశాలలలో వారి భాషను మాన్పించిరి, ఆచారములను మఱపించిరి. పెక్కుమంది పిల్లలు ఇల్లు చేరకయే మరణించిరి. ఒక శతాబ్దమునకు పైగా సాగిన ఆ పద్ధతిలో సుమారు 1,50,000 మంది పిల్లలు చిక్కిరి. 2008లో ఆ దేశపు ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. 2015లో విచారణసంఘము ఆ దుఃఖమునంతయు గ్రంథస్థము చేసెను. ఒకే ఆకాశము, ఒకే తీరు యంత్రము. ఒక ఇంటికి బిడ్డను దక్కించెను, మఱియొక ఇంటినుండి బిడ్డను కొనిపోయెను.

కనుక క్రొత్తయంత్రము మన ఊరి పొలిమేరకు వచ్చినప్పుడెల్ల పెద్దలు అడుగదగిన ప్రశ్న దాని వేగమును గూర్చినది గాదు. ఎవరు పిలిచిన వచ్చును, ఏమి తెచ్చును, పోవునపుడు ఏమి కొనిపోవును అని అడుగవలెను. కెనడా తన ఆకాశమునకు ఈ ప్రశ్న వేయుటకు చాలకాలము పట్టినది. దాని మూల్యమును దారిలేని పల్లెలవారు చెల్లించిరి.